పోయిందా, ముట్టిందా?

1974లో నన్ను సంతోష్‌నగర్ దగ్గర ఒక చిన్న మందుల బట్టీకి ఆఫీసర్ ఇన్‌చార్జిగా వేశారు. ఎక్సైజ్‌లో సబ్ ఇన్‌స్పెక్టరుగా చేరి అప్పటికి కొన్నేళ్లయింది. బట్టీ దగ్గర డ్యూటీ అనగానే మలక్‌పేటలో మా వాడకట్టు స్నేహితులు కన్ను గీటేవాళ్లు. సాయంత్రం ఇంటికొస్తే నోరు వాసన చూస్తామని ఆటపట్టించేవాళ్లు. నిజానికి అక్కడ నేను తాగింది చాయ్ మాత్రమే. మిగతాదంతా రాతపని.

బట్టీ యజమాని పేరు యాదగిరి గౌడ్. తండ్రి తాళ్లెక్కి కల్లు గీసినవాడు. యాదగిరి మాత్రం చెట్టెక్కలేదు. ఒక వైద్యుడి దగ్గర చాలాకాలం పనిచేసి, బాలింతలకు ఒంట్లో సత్తువ కోసం ఇచ్చే సుర తయారుచేయడం నేర్చుకున్నాడు. బెల్లం, మూలికలు పులియబెట్టి రాగి బట్టీలో కాచి దించే మందు అది. ఉన్న ఇంట్లో సగం అమ్మి ఆ రాగి బట్టీ కొన్నాడు. లైసెన్సు వచ్చి ఇంకా ఏడాది నిండలేదు.

అది మందే అయినా అందులో ఉన్నది స్పిరిట్. కనుక చుక్క చుక్కకూ లెక్క ఉండాలి. మేము పన్ను వేసేది సీసా మీద కాదు, సీసాలోని సత్తువ మీద. దాన్ని ప్రూఫ్ లీటర్లలో కొలుస్తాము. హైడ్రోమీటర్ అనే తేలే పరికరాన్ని స్పిరిట్‌లో వదిలి, ఆ పూట వేడి ఎంతో చూసి, పట్టికలో వెతికి ఆ అంకె కట్టాలి. స్పిరిట్ నిలువచేసే పెద్ద పాత్రను వ్యాట్ అంటాము. అది ఉన్న గదికి రెండు తాళాలు, ఒకటి యాదగిరిది, ఒకటి నాది. ఒకరు లేకుండా ఇంకొకరు తలుపు తీయలేరు. ఆవిరైపోయేదానికీ, ఒలికిపోయేదానికీ సర్కారు కొంత వదిలిపెడుతుంది. అది వేస్టేజ్ అలవెన్స్. అంతకు మించి తగ్గితే, పన్ను ఎగ్గొట్టి దొడ్డిదారిన బయటికి పంపినట్టే లెక్క.

యాదగిరి వ్యాట్‌లో తగ్గుతూ వచ్చింది. నిన్న కొలిచి తాళం వేసిన సరుకు, ఇవాళ సీసాలకెత్తేసరికి అలవెన్స్‌కు మించి తక్కువ వచ్చేది. ఎక్కువేమీ కాదు, కానీ ప్రతి బ్యాచ్‌కూ ఉండేది. లైసెన్సు రెన్యూవల్ దగ్గరపడుతోంది. ఇది ఇలాగే పైకి రాస్తే, లైసెన్సు ఎందుకు రద్దు చేయకూడదో చెప్పమని షో కాజ్ నోటీసు వస్తుంది. రెన్యూవల్ ఆగితే సగం ఇల్లు పోయినట్టే, ఆ రాగి బట్టీ పాత సామాన్ల కొట్టుకు పోవాల్సిందే.

నాకు కోపమొచ్చింది. నమ్మినవాడు మోసం చేస్తున్నాడేమోనన్న కోపం అది.

"యాదగిరన్నా, నిజం చెప్పు. ఎవరన్న స్పిరిట్ తీస్తున్నరా?" అని అడిగాను.

"ఎవ్వరు తియ్యలే సార్. నా బిడ్డల మీద ఒట్టు."

"ఒలికిందా?"

"చుక్క గూడ ఒలకలే."

"మరి యాడికి పోయింది?"

"యాడికి పోలే సార్," అన్నాడు, నా ముఖంలోకి నేరుగా చూస్తూ.

అబద్ధమాడే మనిషి అలా చూడడు. నేను రిజిస్టర్లు ముందేసుకుని మళ్లీ కూర్చున్నాను. అప్పుడు ఒక సంగతి కనిపించింది. ఆవిరి నష్టమైతే ఎండాకాలంలో పెరగాలి, వానల్లో తగ్గాలి. పెద్ద బ్యాచ్‌లో ఎక్కువ, చిన్న బ్యాచ్‌లో తక్కువ ఉండాలి. ఇక్కడ ఎండకూ వానకూ, పెద్దదానికీ చిన్నదానికీ దాదాపు ఒకటే తగ్గుదల. స్పిరిట్‌కు అంత క్రమశిక్షణ ఉండదు. ఇది మనిషి చేతి కొలత అని అర్థమైంది.

మామూలుగా తాళం తీసిచ్చి నేను ముందు గదిలో రాసుకుంటూ కూర్చునేవాణ్ణి. ఆ తరువాతి బ్యాచ్ నాడు కుర్చీ తీసుకెళ్లి వ్యాట్ గది గుమ్మంలో వేసుకున్నాను. కాసేపటికి యాదగిరి తల్లి లచ్చమ్మ అవ్వ ఇత్తడి చెంబుతో వచ్చింది. ఆమె అలా చెంబుతో తిరగడం నేను రోజూ చూసేదే. నీళ్లనుకునేవాణ్ణి. అవ్వ నన్ను చూసి బెదరలేదు, దాచుకోలేదు. చెంబు నిండా సుర ముంచుకుని, కొంగు కప్పి, వాకిట్లో వేపచెట్టు కిందికి నడిచింది. అక్కడ పసుపు పూసిన ఎల్లమ్మ రాయి ఉంది. కళ్లు మూసుకుని ఏదో గొణిగి, చెంబులోదంతా రాయి ముందు ధారగా పోసింది.

సాక పోయడమంటే అదే. తెలంగాణలో కల్లు దించినా సారా తీసినా తొలి చెంబు దేవతకు పోస్తారు. నాకు తెలియనిది కాదు. మా నాయనమ్మా పోసేది.

"పోలేదంటివి గదన్నా?" అని యాదగిరిని నిలదీశాను.

యాదగిరి నిజంగానే తెల్లబోయాడు. "పోలే సార్. ఎల్లమ్మకు ముట్టింది," అన్నాడు. ముట్టడమంటే మావైపు, ఇచ్చినది అందవలసినవాళ్లకు అందడం.

అవ్వ దగ్గరికొచ్చింది. "నువ్వు తీసిండ్రా అని అడిగినవట బిడ్డా. తీస్తే దొంగతనమైతది. మేం తియ్యలే, ఇచ్చినం."

"ఇచ్చుడు మంచిదే అవ్వా. కని సర్కారు లెక్కల ఇది దొంగతనమే. లైసెన్సు పోతది. ఇగ ముంగట సాక బంద్ చెయ్యిండ్రి."

అవ్వ వెనక్కి నడిచింది. రాయి దగ్గర చెంబు బోర్లించి కూర్చుంది.

"వీళ్ల బాపు దినాం సాక పోసి చెట్టెక్కేటోడు," అంది. "ఒక్కనాడు తొందరల మర్చిపోయిండు. గా దినమే నడుముకు కట్టుకున్న మోకు జారి, చెట్టు మీదికెళ్లి పడి పాణమిడిసిండు. గీ యాదగిరి అప్పుడు నా సంకల ఉన్నడు. లైసెన్సు పోతే కూలి చేసుకొని బతుకుతం సారూ. సాక బంద్ చేస్తే నా కొడుకు బతుకుతడని నువ్వు రాసిస్తవా?"

ఏ రిజిస్టరులోనూ నేను రాయలేని మాట అది. చాయ్ అడిగి తాగాను.

తరువాత నాకొక తెలివైన ఆలోచన వచ్చిందనుకున్నాను. బట్టీ నుంచి మొదట దిగే ధార ఘాటుగా, విషంగా ఉంటుంది. దాన్ని ఎలాగూ నా ఎదుటే పారబోయాలి. "అదే అమ్మకు పొయ్యిండ్రి, లొల్లి ఉండదు," అన్నాను. అవ్వ నన్ను పైనుంచి కిందికి చూసింది.

"మనుషులు తాగనిది అమ్మకు పోస్తరా? మీ ఇంట్ల గట్లనే పెడుతరా సారూ?"

నా తెలివి అక్కడితో సరి. సైకిల్ తొక్కుకుంటూ ఇంటికి పోతుంటే, యాదగిరి అన్న ఆ ఒక్క మాటే తలలో తిరిగింది. పోలేదు, ముట్టింది. మా రిజిస్టరులో పోయినదానికి ఒక గడి ఉంది. అది వేస్టేజ్, దానికి హద్దుంది. ముట్టినదానికీ ఒక గడి ఉంది. అది ఇష్యూ, అంటే పన్ను కట్టి బయటికి ఇచ్చిన సరుకు, ఎవరికి ఇచ్చామో రాసే చోటు. దానికి హద్దే లేదు. పన్ను కడితే ఎవరికైనా ఇవ్వొచ్చు. ఇన్నాళ్లూ మేము ఎల్లమ్మను తప్పుడు గడిలో వెతికాము.

మర్నాడు యాదగిరిని కూర్చోబెట్టి చెప్పాను. వ్యాట్‌లో చెంబు ముంచడం ఉండకూడదు. ప్రతి బ్యాచ్‌లో నిండిన మొట్టమొదటి సీసా అమ్మ పేరున ఇష్యూ రాయాలి, దానికి పన్ను కట్టాలి, ఆ తరువాత సాక పోయాలి. గడిచిన తగ్గుదలంతా ఉన్నదున్నట్టు నేను పైకి రాస్తాను, దానికి పాత పన్నూ జరిమానా కట్టుకోవాలి.

"కడుత సార్. ఫికర్ లేదు," అన్నాడు యాదగిరి. అవ్వకు మాత్రం సందేహం తీరలేదు.

"అమ్మకు గూడ పన్నా?"

"అమ్మకు కాదు అవ్వా, నీ కొడుక్కు. అందరికంటె ముంగట అమ్మ పేరే ఎక్కుతది."

"సర్కారు బుక్కులనా? ఏదీ, సదువు."

చదివి వినిపించాను. గడి పేరు, కింద ఎల్లమ్మ పేరు, పక్కన సీసా ఒకటి. అవ్వ రెండోసారి చదివించుకుంది. ఆ తరువాత ప్రతి బ్యాచ్‌కూ వచ్చి చదివించుకునేది, మేము తిక్కపని చేసి మధ్యలో పేరు మారుస్తామేమోనని.

రెన్యూవల్‌కు ముందు మా సూపరింటెండెంట్ సాబ్ తనిఖీకి వచ్చారు. పాతకాలపు హైదరాబాదీ. పరిహాసం పొరపాటున కూడా చేయని మనిషి. నా నివేదిక చదివి, పాత పన్ను కట్టిన చలాన్లు చూసి, ఇష్యూ రిజిస్టర్ తెరిచారు. వేలు మొదటి వరుస దగ్గర ఆగింది. ఇంకో పేజీ తిప్పారు. అక్కడా ఆగింది.

"యే ఎల్లమ్మా కౌన్ హై? హర్ బార్ పహ్లా నంబర్ ఇసీకా?"

ఈ ఎల్లమ్మ ఎవరు, ప్రతిసారీ మొదటి నంబరు ఈమెదేనా అని. యాదగిరి ముఖంలో నెత్తురు చుక్క లేదు. నేను విషయమంతా చెప్పాను. సాబ్ విని, "మాల్ పహుంచా, యే కైసే మాలూమ్?" అన్నారు. సరుకు చేరిందనడానికి రుజువేమిటని. న్యాయమైన ప్రశ్నే. రాయి ముందు పోశామని చెప్పి ఊరికే సీసా బయట అమ్ముకోవచ్చు.

అవ్వకు ఆ ఉర్దూ బాగానే అర్థమైంది. లేచి, "రాండ్రి సాబ్," అంటూ వేపచెట్టు కిందికి దారితీసింది. ఆ పొద్దున్నే సాక పోసిన చోటు ఇంకా తడిగా ఉంది. సాబ్ టోపీ తీసి చంకలో పెట్టుకుని, వంగి, చిటికెడు మన్ను తీసుకుని వాసన చూశారు. మళ్లీ చూశారు. చేయి దులుపుకుని లోపలికొచ్చి, ఎల్లమ్మ వరుస పక్కన సంతకం చేశారు.

"మిల్ గయా," అన్నారు నాతో. ముట్టిందని.

రెన్యూవల్ వచ్చింది. యాదగిరి ఆ వాకిట్లో ఏడ్చాడు. నేను ముఖం అటు తిప్పి హైడ్రోమీటర్ తుడుచుకున్నాను.

ఆ తరువాత ఎన్నో చోట్ల పనిచేశాను, ఎన్నో తగ్గుదలలు చూశాను. వాటిలో నిజం దొంగతనాలూ ఉన్నాయి. అయితే ఎక్కడ తక్కువ వచ్చినా, నోటీసు రాసేముందు రెండు ప్రశ్నలు అడగడం అలవాటైంది. పోయిందా అని మొదట. దానికి అందరూ లేదనే అన్నారు. అప్పుడు ఎవరికన్న ముట్టిందా అని మెల్లగా అడిగేవాణ్ణి. జవాబు చెప్పినవాళ్లంతా ఆ రెండో ప్రశ్నకే చెప్పారు.