కారం చేతులు

నా కూతురికి నా దగ్గర మాలిమి లేదని మా ఇంట్లో తీర్మానం జరిగిపోయింది. తీర్మానించినవాళ్లలో ఒక్కరూ ఆ ఏడు కల్లంలో కూర్చుని కాయ ఏరినవాళ్లు కారు.

ఎండబెట్టిన మిరపకాయల్లోంచి రంగు వెలిసిన తాలుకాయలను రోజంతా ఏరి ఇంటికొచ్చేసరికి నా చేతులు భగభగమంటుంటాయి. కారం గోళ్ల సందుల్లో ఉంటుంది, చీర కుచ్చిళ్లలో ఉంటుంది, జుట్టులో కూడా ఉంటుంది. ఆ చేతులతో పసిదాని కళ్లు తుడిస్తే ఏమవుతుందో మా ఊళ్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. అందుకే నడక వచ్చినప్పటి నుంచి దానికి ఒకటే నేర్పాను, నేను నీళ్లు పోసుకునేదాకా దగ్గరికి రాకూడదని. అప్పటికి దానికి మూడో ఏడు. నన్ను చూడగానే రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని అరుగు మీదే నిలబడిపోయేది. నేను దాన్ని చూసి నవ్వేదాన్ని కూడా కాదు. నవ్వితే పరిగెత్తుకొస్తుంది.

సత్తెనపల్లి నుంచి వచ్చిన మా పెద్దాడపడుచు ఇదంతా చూసింది. తల్లి మొహంలో ప్రేమ కనిపించకపోతే పిల్లలు ముడుచుకుపోతారని ఆవిడ ఎక్కడో విన్నదట.

“నువ్వొస్తే పిల్ల కదలదేంటమ్మాయ్? నా చంకెక్కితే దిగనే దిగట్లేదు. కొన్నాళ్లు నా దగ్గరుంచు. ప్లేస్కూల్లో వేస్తాను, హుషారవుద్ది” అంది.

మా అత్తగారు తలూపింది. మా ఆయన ఫోన్లోంచి తలెత్తకుండా “ఈ కోతలయ్యేదాకే కదా” అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ప్రేమంటే అస్తమానం ముద్దులు పెట్టడమేనా? ఎత్తుకోవాలని ప్రాణం లాగుతున్నా ఆపుకుంటే దాన్నేమంటారో ఆ ప్లేస్కూల్లో చెప్తారా? “పంపను” అన్నాను. కోపంలో ఏదో అంటోందిలే అని వదిలేశారు.

మర్నాడు మధ్యాహ్నం అన్నానికి వచ్చేసరికి వాకిట్లో కారు, కారులో పిల్ల బట్టల సంచి. ఆడపడుచు తన ఇంటి కారానికి మంచి కాయలు ఏరుకుని, మూట కట్టుకుని, అదే చేత్తో పిల్లను ఎత్తుకోబోయింది. పిల్ల గోడకు అతుక్కుపోయింది.

“కడుక్కో! అమ్మ కడుక్కుంటది!” అని అరిచింది.

“చూశారా, ఎంత బెదరగొట్టి పెట్టిందో!” అంది ఆవిడ.

“బెదిరిన పిల్ల మీకు చెప్పదు వదినా, ఏడ్చి ఊరుకుంటది. నేను కడుక్కుని వస్తానని దానికి తెలుసు. రోజూ వస్తున్నా కాబట్టి తెలుసు. నా పిల్ల ఎక్కడికీ రాదు” అని కారు తలుపు తీసి, సంచి కింద పెట్టాను. మా ఆయన ఏదో అనబోయాడు. “మీరు ఫోన్ చూసుకోండి” అన్నాను.

అన్నం సంగతి మర్చిపోయి నేరుగా స్నానాలగదిలోకి వెళ్లి తలుపేసుకున్నాను. సబ్బు రెండుసార్లు జారిపోయింది. పిల్ల వచ్చి తలుపు బయట చతికిలబడింది.

“అయిందా అమ్మా?”

నేను గోళ్ల సందులు తోముకుంటున్నాను.

“అయిందా?” ఈసారి కేక. ఆపైన తలుపు మీద దబదబా బాదుడు. వాకిట్లో కారు ఇంకా కదల్లేదు. అందరూ బాగా విననీ అని ఇంకో రెండు చెంబులు ఎక్కువే పోసుకున్నాను.