ఊఁ అంటే అవును కాదు

పోయిన గురువారం మధ్యాహ్నం మేముండే ప్లేనోలో ఇండియన్ షాపు ముందు కారు పార్క్ చేస్తుంటే ఫోన్‌లో మెసేజ్ వచ్చింది. మా పాత ఆఫీసు వాళ్ల గ్రూపులో ఒకే ఒక్క వాక్యం: జనరల్ ఈ ఉదయం పోయారు. కొత్తిమీర కోసం వెళ్లినదాన్ని కారు కూడా దిగకుండా ఇంటికి తిరిగొచ్చాను.

జనరల్ అంటే మిలటరీ ఆయన కాదు. నేను ఇక్కడికి రాకముందు పనిచేసిన, ఈ దేశంలోనే మంచు దండిగా కురిసే ఒక ఉత్తరాది రాష్ట్రానికి ఆయన రెండుసార్లు ఎన్నికైన అటార్నీ జనరల్. అంటే ప్రజల తరఫున కోర్టుకెక్కే ప్రభుత్వ పెద్ద వకీలు. ఆ పదవిలో ఉన్నవారిని జనరల్ అని పిలవడం అక్కడి మర్యాద. ఆయనకు ఆ పిలుపు నచ్చేది కాదు. మా అమ్మ వచ్చినప్పుడు ఒకసారి ఆఫీసుకి తీసుకెళితే, ఆయన్ని ఎగాదిగా చూసి, "జనరల్ అన్నావు, యూనిఫాం ఏదే?" అంది. నేను బిక్కమొహంతో దాన్ని ఇంగ్లీషులో చెప్పాను. ఆయన పగలబడి నవ్వి, "ఇన్నేళ్లలో సరైన ప్రశ్న అడిగింది మీ అమ్మగారొక్కరే" అన్నారు.

ఆయన లారీ మెకానిక్ కొడుకు. వకీలుని పెట్టుకునే స్తోమత లేనివాళ్ల కేసులు వాదిస్తూ పైకొచ్చారు. పదవిలోకి వచ్చాక కూడా పాత పికప్ ట్రక్కుని తనే డ్రైవ్ చేసుకునేవారు. సోమవారం పొద్దున్నే జనం రాసిన ఫిర్యాదులు నిలబడి చదివేవారు. కూర్చుంటే గబగబా పేజీలు తిప్పేస్తానని భయమట. హైదరాబాద్‌లో లా చదివి, ఈ దేశంలో మళ్లీ మొదటినుంచీ చదివి, నా యాసకు నేనే జంకుతూ ఆయన ఆఫీసులో లాయర్‌గా చేరాను. మొదటి వారమే ఒక ఉత్తరం చేతికిచ్చారు. ఇంగ్లీషు సరిగా లేదన్నాను. "తప్పులు తర్వాత చూడు. ముందు వాళ్లకేం జరిగిందో చూడు" అన్నారు.

ఇలాంటివి ఇంకో పది రాసి దండం పెట్టి ఊరుకోవచ్చు. కానీ నేను చెప్పాల్సింది వేరే ఉంది.

ఒక అపార్ట్‌మెంట్ల కంపెనీ చలికాలమంతా హీటర్లు బాగుచేయించకుండా జనాన్ని ఏడిపించింది. జనరల్ ఆ కంపెనీ మీద కేసు వేశారు. పగలంతా ఇంట్లో ఉండే ఒక తెలుగు పెద్దావిడ మాకు ముఖ్యమైన సాక్షి. కోర్టులో విచారణకు ముందే ఆవిడ వాంగ్మూలాన్ని ఆడియోతో సహా రికార్డ్ చేశారు. కంపెనీ లాయర్ ప్రశ్నను ముక్కలు ముక్కలుగా అడుగుతున్నాడు, ఫోన్‌లో ఉన్న అనువాదకుడు తెలుగులో చెబుతున్నాడు.

"డిసెంబర్‌లో కంపెనీ మనిషి మీ ఇంటికి వచ్చాడు."

"ఊఁ."

"హీటర్ బాగుచేశాడు."

"ఊఁ."

"మీరు సరేనన్నారు. అంతేనా?"

"ఎక్కడ బాబూ! ఎవడొచ్చాడనీ? నెలంతా గడగడా వణికి చచ్చాం."

ఆవిడ ఊ కొట్టింది, అంతే. వింటున్నాను, కానివ్వు అని. ఆ రెండు ఊఁలనూ అనువాదకుడు 'యెస్' అన్నాడు. రికార్డులోకి 'యెస్' అనే ఎక్కింది. నాకు ఆ క్షణమే తెలిసింది. గదిలో తెలుగొచ్చిన లాయర్ని నేనొక్కదాన్నే. అడ్డుపడి చెప్పడం నా పని. కానీ ఎదుటి లాయర్ని చూస్తే నోరు పెగల్లేదు. తర్వాత సరిచేయిద్దాంలే అనుకున్నాను. వాంగ్మూలంలో తప్పులుంటే సరిచేయడానికి గడువు ఇచ్చారు. చెబితే అప్పుడెందుకు నోరు మూసుకున్నావంటారని ఆ గడువూ దాటబెట్టాను. పిరికితనానికి ఇంకో పేరు పెట్టుకోను.

విచారణలో కంపెనీ లాయర్ ఆ రెండు యెస్‌లనూ గొంతెత్తి చదివి ఆవిడ అబద్ధాలకోరని తేల్చాడు. పాపం ఆవిడ, వెంట వచ్చిన తన కొడుకు వైపు తిరిగి, "నేనలా అనలేదురా" అంది. కేసు పోయింది. విలేకరుల ముందు జనరల్, "దావా మీద సంతకం నాది. తప్పూ నాదే" అన్నారు. ఎన్నికల్లో ప్రత్యర్థి ఆ కేసుని ఊరూరా చెప్పాడు. మూడోసారి పోటీలో ఆయన ఓడిపోయారు. ఆ కేసు వల్లే ఓడారని అనలేను, కాదనీ అనలేను. ఆయన వెళ్లిపోయిన కొన్నాళ్లకు నేనూ ఉద్యోగం మానేసి ప్లేనో వచ్చేశాను.

పోయిన చలికాలం, ఆయనకు ఒంట్లో బాగాలేదని తెలిసి ఫోన్ చేశాను. ఈసారి చెప్పేయాలని మాటలు కాగితం మీద రాసుకుని మరీ కూర్చున్నాను. ఆయన మా అమ్మని అడిగారు, పిల్లల్ని అడిగారు. తర్వాత, "ఆ పెద్దావిడ ఎలా ఉన్నారు?" అన్నారు. బాగున్నారని చెప్పాను. ఆయనే మళ్లీ అడిగారు.

"ఇంకేమైనా చెప్పాలా?"

"ఏం లేదు సార్. సమ్మర్‌లో వచ్చి కలుస్తాను."

సమ్మర్‌లో వెళ్లలేదు.

నిన్న ఆయన భార్యకు ఫోన్ చేసి, ఏడుస్తూ మొత్తం చెప్పేశాను. ఆవిడ ఆశ్చర్యపోలేదు.

"ఆయనకు తెలుసు. కేసు పోయిన వారమే ఆ రికార్డింగ్ విన్నారు. అందులో ఆ 'యెస్' దగ్గర నువ్వు మెల్లగా 'అయ్యో' అన్నావట. ఆ మాటకు అర్థమేమిటో ఎవర్నో అడిగి తెలుసుకున్నారు."

"మరి నన్నెందుకు అడగలేదు?"

"నువ్వే చెబుతావని."

తర్వాత ఆవిడే అంది: చలికాలంలో నేను ఆయనకు ఫోన్ చేసిన రోజు, పెట్టేశాక కూడా ఆయన కిటికీ దగ్గర్నుంచి లేవలేదట. భోజనానికి పిలిస్తే, మళ్లీ చేస్తుందేమో ఉండమని చెప్పి, ఫోన్ ఒళ్లో పెట్టుకుని చాలాసేపు అలాగే కూర్చున్నారట.