పల్లపు మూల తవ్విన రోజు

2016 వేసవిలో, నరసన్నపేట దగ్గర మా పొలంలో వాననీరు నిలిచేలా ప్రభుత్వం పంట కుంట మంజూరు చేసింది. ఉపాధి కూలీలు పల్లపు మూలన గునపం వేయగానే మా అత్త పరుగున వచ్చి అడ్డంగా కూర్చుంది.

"ఒరే, ఆగండ్రా! అక్కడ నా కూతురున్నాది."

మా ఆయన తెల్లబోయారు. "ఏటమ్మా? నీకు కూతురెక్కడిదే?"

"నీకన్నా ముందు పుట్టినాది. నెల తిరక్కుండా పోనాది. మీ నాయన ఇక్కడే కప్పెట్టినాడు."

"ఇంకో చోటయితే నీరు చేరదమ్మా," అన్నాడు మేస్త్రీ మెల్లగా.

"అయితే కుంటే వద్దు," అన్నారు మా ఆయన.

అప్పటికే రెండేళ్లుగా మా వరి నీళ్లు చాలక పొట్ట మీదే, కంకి రాకుండానే ఎండిపోతోంది. అత్త చాలాసేపు బీటలు వారిన మడి వైపు చూసి, "తవ్వండ్రా," అంది.

తవ్వినంతసేపూ గట్టు మీద కూర్చుని, ప్రతి తట్టలో మట్టినీ చేత్తో చిదిపి చూసింది. ఏమీ దొరకలేదు.

"ఏదే నా పిల్ల?" అని నన్నడిగింది.

ఆ ఏడు కుంట నిండింది, పంట దక్కింది. అత్త మాత్రం పోయేదాకా అటు వెళ్లలేదు. ఇప్పటికీ ఆ నీళ్లలో కాళ్లు కడుక్కోబోయి ఆగిపోతాను. ఆ పాపకు పేరు పెట్టారో లేదో అత్తను అడగాలనుకునేదాన్ని. అడగలేకపోయాను.