గురువారం వచ్చే నర్సమ్మ

దవాఖాన ఉండనే ఉంది కదా, రోగిని అక్కడికే తీసుకురావచ్చు కదా, ఇంటింటికీ మనుషుల్ని పంపడం దేనికి అనే పెద్దమనుషులు నాకు ఇప్పటికీ తగులుతుంటారు. నేను వాళ్ళతో పోట్లాడతాను. తాండూరు స్టేషన్లో ప్యాసింజరు బండి ఆగీ ఆగకముందే, నడవలేని పిల్లను చంకన వేసుకుని, రెండో చేత్తో సద్దిమూట పట్టుకుని ఒక్కసారి ఎక్కి ఉంటే వాళ్ళు ఆ మాట అనరు. మా అమ్మ ఎక్కింది. రెండేళ్ళు ఎక్కింది.

పోలీసు చర్య అయిన ఏడెనిమిదేళ్ళకు జరిగిన సంగతి. మా చెల్లెలికి మూడేళ్ళప్పుడు జ్వరం వచ్చింది. జ్వరం నాలుగు రోజుల్లో పోయింది, పోతూ పోతూ ఎడమ కాలిని తీసుకుపోయింది. కాలు సన్నబడింది. మోకాలు వంగిపోయి, చాపితే చాచుకోవడం మానేసింది. వికారాబాదులో పెద్ద దవాఖాన ఉంది, పదిహేను రోజులకొకసారి తీసుకురమ్మన్నారు. నాయన బడిపంతులు. సెలవు దొరకదు. అమ్మే పోయేది. తెల్లవారుజామున బండి, ధారూరు దాటి వికారాబాదు, అక్కడ జట్కా, దవాఖాన వరండాలో మధ్యాహ్నం దాకా కూర్చోవడం. లోపల పది నిమిషాలు కాలు అటూ ఇటూ కదిలించేవాళ్ళు. మళ్ళీ బండి. ఆ రోజంతా అమ్మ మంచినీళ్ళు తాగేది కాదు. పక్కకు పోవలసి వస్తే పిల్లను ఎవరికి అప్పగించి పోతుంది?

ఒకసారి ఆ వరండాలోనే కళ్ళు తిరిగి పడింది. అక్కడ కాళ్ళూ చేతులూ పడిపోయినవాళ్ళకు కసరత్తు చేయించే నర్సమ్మ ఒకామె ఉండేది. బంట్వారం దిక్కు మనిషి, నల్లగా, పొట్టిగా, ఎప్పుడూ ఏదో పని మీద పోతున్నట్టు నడిచేది. అమ్మకు నీళ్ళు తాగించి, పొద్దుటి నుంచీ ఏమీ తాగలేదని తెలుసుకుని, తిట్టిందట.

"ఒక్క కాలు కోసం రెండు పానాలు తీసుకుంటవా అక్కా? నువ్వు రాకు. తాండూర్ల ఇంక నలుగురున్నరు గిట్లాంటోళ్ళు. పెద్ద డాక్టరమ్మనడిగి నేనే వస్త."

అన్నట్టే వచ్చింది. ప్రతి గురువారం పొద్దుటి బండికి దిగి, చేతిలో రేకు డబ్బాతో నాలుగైదిళ్ళు తిరిగి, చివరికి మా ఇంటికి వచ్చి, సాయంత్రం బండికి పోయేది.

మొదటి గురువారం నేను ఇంట్లోనే ఉన్నాను. హైదరాబాదు కాలేజీలో అప్పుడే చేరాను, సెలవులకు వచ్చాను. కాలు చూడడానికి వచ్చిన మనిషి కాలు తప్ప అన్నీ చూడడం మొదలుపెట్టింది. గడప ఎత్తు చూసింది. పెరట్లో బావి దాకా నడిచి చూసింది. పిల్ల పగలంతా ఎక్కడ కూర్చుంటుంది, దొడ్డికి ఎట్లా పోతుంది అని అడిగింది. అమ్మకు సిగ్గు ముంచుకొచ్చింది.

"నేనే పట్టుకొని కూసోబెడ్త."

"రోజుకెన్ని సార్లు?"

అమ్మ వేళ్ళ మీద లెక్కపెడుతూ రెండో చేతికి వచ్చింది. నర్సమ్మ నాయనవైపు తిరిగింది. "పంతులూ, వడ్లాయనతోని ఒక పీట జేపియ్యి. నడుమ బొక్క, రెండు దిక్కుల పట్టుకునేటందుకు కట్టెలు. పెద్ద పనేం గాదు."

వడ్రంగి పీట చేసి తెచ్చిన రోజు అమ్మ పెరటి గుమ్మంలో నిలబడి ఏడ్చింది. అంతవరకూ ఆమె ఏడవగా నేను చూడలేదు. రెండేళ్ళుగా ఆమె నడుములో ఏముందో మేమెవరం అడగలేదు. చదువుకుంటున్నానని తిరిగే పెద్దకూతుర్ని, నేనూ అడగలేదు.

తర్వాత నర్సమ్మ గొంగడి అడిగింది. మా తాతగారి గొంగడి ఒకటే ఉంది. అమ్మ నసిగేలోపలే కత్తెర పెట్టి నాలుగు ముక్కలు చేసింది. వాటిని కాగే నీళ్ళలో ముంచి, గట్టిగా పిండి, చెల్లెలి తొడకు చుట్టి, వేడికి కండ మెత్తబడ్డాక బోర్లా పడుకోబెట్టి, మోకాలి కింద ఒక చెయ్యి, మడమ మీద ఒక చెయ్యి వేసి, మెల్లగా, విసుగు లేకుండా చాపేది. చెల్లెలు మొదట్లో కేకలు పెట్టేది. నర్సమ్మ ఏవో పిచ్చి కథలు చెప్పేది, కథలో ఎలుక రైలెక్కేది, టికెట్టు లేక ధారూరులో దిగిపోయేది. కేకల మధ్య నవ్వు వచ్చేది.

ద్వారం నుంచి బావి దాకా తాడు కట్టించింది. మూరకొక ముడి. చెల్లెలు ముడి ముడికీ చెయ్యి వేసి ఒంటికాలి మీద ఈడ్చుకుంటూ పోవడం నేర్చింది. ఒకరోజు ఎవరూ చూడకుండా వంటింట్లోకి పోయి బెల్లం తిన్నది. అమ్మ చెయ్యెత్తి, ఎత్తిన చెయ్యి అట్లాగే ఉంచి నవ్వింది. మేము ఖాలా అని పిలుచుకునే పక్కింటి పిన్నమ్మ గోడ మీది నుంచి చూసి, "అరె బహెన్, నీ పోరి దొంగతనం జేసేటంత పెద్దగైంది! మిఠాయి పంచవా?" అంది. ఆ ఏడు అమ్మ పూడూరులో తన తమ్ముడి కూతురి పెళ్ళికి పోయి రెండు రోజులుండి వచ్చింది. చెల్లెలు పుట్టిన తర్వాత ఆమె ఒక రాత్రి బయట ఉండడం అదే మొదలు. ఇంటికి వైద్యం రావడమంటే ఏమిటని నన్నడిగితే, నేను ఆ రెండు రోజుల సంగతి చెబుతాను.

ఇక చెల్లెలి ఆశంతా ఇనుప బూటు మీద. నాయన బడి మా ఇంటికి రెండు వీధుల అవతల. నాయన ఎత్తుకుని పోతానంటే ఒప్పుకునేది కాదు. "పోరగాండ్లు నవ్వుతరు. నేను నడిచే వస్త." నడవాలంటే తొడ దాకా కడ్డీలుండి కాలిని నిలబెట్టే ఆ ఇనుప బూటు వేయాలి. బూటు వేయాలంటే మోకాలు తిన్నగా రావాలి. ఆ లెక్క పిల్లకు బాగా తెలుసు. నర్సమ్మ దాన్ని ఆమెకు కళ్ళకు కట్టినట్టు చూపించింది. నడిమింట్లో నాపరాతి బండ మీద చెల్లెల్ని పక్కకు పడుకోబెట్టి, తొడ వెంట సుద్దతో ఒక తిన్నని గీత, మోకాలి దగ్గర్నుంచి పిక్క ఏ వాలున ఉందో ఆ వాలున ఇంకో గీత గీసింది. నెలకొకసారి వాలుగీత కొత్తగా గీసేది. "ఈ గీత ఆ గీతల కలిసిన్నాడు బూటుకు కొలత తీస్త." ఏడాదిన్నరకు కలవడానికి నాలుగు వేళ్ళ దూరం మిగిలింది.

పోతూ పోతూ ప్రతిసారీ అడిగేది. "దినాం రెండు పూటలు చాపుతున్నవా అక్కా?"

"ఆఁ, చాపుతున్న," అనేది అమ్మ.

అబద్ధం. అమ్మ గొంగడి ముక్కలు వేడి చేసి చుట్టేది, అంతే. మోకాలి మీద చెయ్యి వేసేది కాదు. భయంతో కాదు, బద్ధకంతో అంతకన్నా కాదు. నర్సమ్మ హస్తవాసి గొప్పదని ఆమె నమ్మకం. ఒకరి హస్తవాసి పనిచేస్తున్న చోట ఇంకొకరు చెయ్యి పెడితే అది విరిగిపోతుందని ఆమె పుట్టింటి నుంచి తెచ్చుకున్న నమ్మకం. ఎదురు చెప్పడం మర్యాద కాదు కాబట్టి నర్సమ్మకు ఆఁ అని చెప్పేది.

మరుసటి ఏడు వానాకాలంలో నర్సమ్మకు టైఫాయిడ్ వచ్చింది. కార్డు రాయించింది. నాయన చదివాడు: నేను కొన్నాళ్ళు రాలేను, ఒక్క పూట కూడా మానకండి, మీ చేతులతో చాపండి. అమ్మ ఆ కార్డు కళ్ళకద్దుకుని దేవుడి గూట్లో పెట్టింది.

దసరా సెలవులకు నేను వచ్చేసరికి నర్సమ్మ రాక తొమ్మిది వారాలైంది. నడిమింట్లో బండలన్నీ తడిగుడ్డతో తుడిచి ఉన్నాయి, ఆ గీతలున్న ఒక్క బండ తప్ప. దాని నాలుగు మూలలా పసుపు బొట్లు. చెల్లెలు గడపలో కూర్చుని ఉంది. మోకాలు మునుపటిలా ముడుచుకుంటోంది.

నేను అందుకున్నాను. నా నోటికి అప్పుడు కాలేజీ పదును కూడా తోడైంది.

"నర్సమ్మ చేతిలో మంత్రముందా? కండరమది. ఎవరు చాపినా చాచుకుంటుంది."

"నీకేం తెలుసు? నీ చెయ్యి పడి ఉన్న గుణం గూడ పోతె?"

"పోతోంది కదా! కనబడతలేదా?"

"ఆమె వస్తది. వచ్చినంక మంచిగైతది."

"ఇట్లా కూర్చుంటే ఆమె వచ్చేసరికి ఏమీ మిగలదు. నీ మూఢనమ్మకానికి పిల్ల కాలు బలి."

పదిహేను రోజులూ ఇదే వాదం. అన్నం దగ్గర, బావి దగ్గర, దీపం పెట్టేటప్పుడు. నాయన బడికి పోతూ విన్నాడు, వస్తూ విన్నాడు, ఇద్దరికీ దండం పెట్టాడు. గోడ అవతల నుంచి ఖాలా, "నీ బిడ్డ వకీలు గావాలె బహెన్, జడ్జి గూడ పరేషాన్ అయితడు," అంది. నేను మురిసిపోయాను. ఒక మధ్యాహ్నం చెల్లెలు నా చీర కుచ్చిళ్ళు పట్టుకుని అడిగింది.

"అక్కా, నువ్వు జెయ్యరాదా?"

నాకు చేయడం వచ్చు. సెలవుల్లో ఎన్నో గురువారాలు పక్కన కూర్చుని చూశాను. నర్సమ్మ నా చేతులు పట్టి ఒకసారి చేయించింది కూడా. నేనేమన్నానో నాకు అక్షరం అక్షరం గుర్తుంది.

"నేను చేస్తే అమ్మ ఎప్పుడు నేర్చుకుంటది? నేను పోయినంక ఎవరు చేస్తరు?"

మాటలో తప్పు లేదు. ఏ సభలో అన్నా చప్పట్లు కొడతారు. పదిహేను రోజులు, రోజుకు రెండు పూటలు, ముప్ఫై సార్లు. ఒక్కసారి కూడా నేను ఆ మోకాలి మీద చెయ్యి వేయలేదు. వాదంలో గెలిచి బండెక్కాను.

నర్సమ్మ దీపావళి దాటాక వచ్చింది. ఈ సంగతి నాయన నాకు తర్వాత చెప్పాడు. జుట్టు రాలిపోయి, తలకు గుడ్డ చుట్టుకుని, గోడ పట్టుకుని లోపలికి వచ్చిందట. చెల్లెల్ని బండ మీద పడుకోబెట్టి పిక్క వెంట గీత గీసింది. ఆ గీత అన్ని గీతల వెనక్కీ పోయి, మొట్టమొదటి గీతకు కూడా అవతల పడింది. సుద్దముక్క రేకు డబ్బాలో పడేసింది.

"నువ్వొచ్చినవు గద చెల్లె, ఇగ ఫికర్ లేదు," అందట అమ్మ.

"నా చేతిల ఏమున్నదక్కా? వారానికొక్క గంట నేను. కడమదంత నువ్వే." అని అమ్మ చెయ్యి లాగి, చెల్లెలి మోకాలి కింద పెట్టి, దాని మీద తన చెయ్యి వేసి చాపించిందట. "చూడు, విరిగిందా? నీ చెయ్యి నాకంటె వెచ్చగున్నది."

ఆ రోజు నుంచి అమ్మ మానలేదు. పండగైనా, ఒంట్లో బాగా లేకపోయినా, రెండు పూటలా. నర్సమ్మ ఇంకో రెండేళ్ళు గురువారాలు వచ్చింది. అయినా మోకాలు సగం దారిలో గట్టిపడి ఆగిపోయింది. చివరికి వికారాబాదు తీసుకుపోయి చూపిస్తే బూటు ఈ కాలికి ఎక్కదన్నారు. కొలత తీయలేదు. తిరుగు బండిలో చెల్లెలు కిటికీ దగ్గర కూర్చుందట. ధారూరు వచ్చినప్పుడు, "ఎలుక దిగే టేసన్," అందట.

చెల్లెలు బడికి పోయింది. ఎడమ తొడ మీద చెయ్యి అదిమిపెట్టుకుని, అడుగడుక్కీ నడుము వంచుతూ, పదేళ్ళ వయసులో ఒకటో తరగతికి. పోరగాండ్లు నవ్వారు. అట్లాగే నాలుగేళ్ళు బడికి పోయింది. తర్వాత వంగీ వంగీ నడుము పట్టేయడంతో మానేసింది. నేను పట్నంలో ఉద్యోగంలో చేరాను. ఇళ్ళకు వైద్యం పోవాలని, ఇంట్లోవాళ్ళకు నేర్పాలని సభల్లో మాట్లాడుతూ వచ్చాను. మాట్లాడడం నాకు ఎప్పుడూ బాగానే వచ్చు.

అరవైల చివర అమ్మ పోయింది. దినాలు అయ్యాక చుట్టాలందరూ వెళ్ళారు. పొద్దున తొమ్మిదైంది, వంటింట్లో నీళ్ళు కాగుతున్నాయి, ఎవరు పెట్టారో. చూస్తే చెల్లెలు. గొంగడి ముక్కలు నీళ్ళలో వేసి ఉన్నాయి.

"ఇంకా చేస్తున్నారా ఇది?" అన్నాను.

"అమ్మ మానలే. పొద్దుగాల పట్టేస్తది, చాపకుంటె లేవనీకి రాదు."

నేను ముక్కలు పిండాను. వేళ్ళు కాలాయి. తొడకు చుట్టాను. చెల్లెలు చెప్పకుండానే బోర్లా పడుకుంది. మోకాలి కింద ఒక చెయ్యి, మడమ మీద ఒక చెయ్యి పెట్టాను. చాపాను. కట్టెలా ఉంది. చెల్లెలు పళ్ళు బిగబట్టి, చెయ్యి వెనక్కు చాచి నా మణికట్టును పట్టుకుని కొంచెం కిందికి జరిపింది.

"గక్కడ కాదక్కా. జర కిందికి. జర మెల్లగ."