గాజుల కింద వాతలు

ఎండుచేపలమ్మే లక్ష్మణమ్మకి కోపం వస్తే భావనపాడు ఒడ్డున కాకులు కూడా దూరంగా జరుగుతాయని అంటారు. ఆ కోపం నేను చూశాను. 1968లో పచ్చకామెర్ల సర్వేకి వెళ్లినప్పుడు పేర్లు రాసేవాణ్ణి నేనే. కామెర్లు వచ్చి తగ్గినవాళ్ల కాలేయం ఎలా ఉందో రక్తం తీసి చూడటం మా పని.

ఆ ఊళ్లో కామెర్లొస్తే మణికట్టు మీద వాత పెడతారు. వాతలు చూసి ఇరవై ఆరుగురు మగవాళ్లని పట్టుకున్నాం. ఆడవాళ్లని అడిగితే అందరూ తల అడ్డంగా ఊపారు. ఆడవాళ్లకి ఈ జబ్బు లేదని పైకే చదువుతూ రాసి, పుస్తకం మూసేశాను.

చేపలు ఆరబెడుతున్న లక్ష్మణమ్మ ఆ మాట విని లేచి వచ్చింది.

"ఏటి బాబూ, కామెర్లు మొగోల్లని సూసి వస్తాయా? పిల్లకి వాత ఉన్నాదంటే సంబంధం తప్పిపోతాది. అందుకే మా అమ్మలు మాకు సేతినిండా గాజులు తొడిగినారు. నువ్వడిగితే సెప్పేస్తారేటి?"

అంటూనే తన గాజులు మోచేతి వైపు తోసింది. చిన్నప్పటి వాత, ఇంకా నల్లగా నిగనిగలాడుతోంది.

"నా పేరు రాయి" అని ఇసకలో చతికిలబడి చెయ్యి చాపింది.

నేను తలవంచుకుని రాస్తుంటే గాజుల గలగల వినిపించింది. తలెత్తి చూస్తే, గంపలు దించి, నవ్వుకుంటూ, గాజులు పైకి తోసుకుంటూ ఆడవాళ్లు వరసకట్టారు.

రక్తం పట్టడానికి మేం తెచ్చిన సీసాలు చాలలేదు.