గంధం పూసిన గుండ్లు

మా పాప గుండుకు పూసిన గంధం ఇంకా ఆరలేదు. తిరుత్తణి నుంచి తిరువళ్లూరుకు వచ్చే లోకల్ రైల్లో అది నా ఒళ్లో నిద్రపోతుంటే ఆ చల్లని వాసన ముక్కుకు తగులుతోంది. దాని చెయ్యి మాత్రం నేనింకా వదల్లేదు.

నా చిన్నప్పుడు ఆడికృత్తిక పండగ వచ్చిందంటే మా వీధి వీధంతా ఒకే ట్రాక్టరెక్కి తిరుత్తణి కొండకు బయలుదేరేది. తెల్లవారుజామునే కలిపి అరిటాకుల్లో కట్టిన పులిహోర వాసన, మొక్కుకు మోసే పూలకావళ్ల కింద చెమటతో తడిసి ఊగే భుజాలు, చెవులు దిమ్మెక్కించే హరోహర కేకలు, వీటన్నిటి మధ్య గుండు గీయించుకుని గంధం పూయించుకున్న నేను అమ్మ చెయ్యి విడిపించుకుని బొరుగుల అంగడి వెనక దాక్కునేదాన్ని. అమ్మ నా పేరు పెట్టి అరుస్తూ అటూ ఇటూ పరుగెత్తుతుంటే గోనెపట్టా సందులోంచి చూస్తూ నోరు మూసుకుని నవ్వేదాన్ని. అంతకంటే మంచి ఆట నాకు తెలియదు.

ఈరోజు పాప మొక్కు తీర్చడానికి కొండకు వెళ్లాం. మా ఆయనకు సెలవు దొరకలేదు, ఇద్దరమే. గుండయింది, స్నానమయింది, గంధం పూసి పసుపు గౌను తొడిగాను. తడిబట్టలు సంచిలో కుక్కి తలెత్తేసరికి పాప పక్కన లేదు.

నా కళ్లు రెండు పిలకల పిల్ల కోసం వెతుకుతున్నాయి. ఆ పిలకలు నా ముందే రాలిపోయాయని అప్పుడు గుర్తొచ్చింది. ఎటు చూసినా పసుపు బట్టలు, గంధం పూసిన గుండ్లు. ఒక బిడ్డను భుజం పట్టి తిప్పాను, మా పాప కాదు. వాళ్లమ్మ నా చెయ్యి విదిలించి తమిళంలో తిట్టింది. ఇంకో బిడ్డను పట్టుకున్నాను, మగపిల్లాడు. కింద కిక్కిరిసిన మెట్లు, బస్సులు, ముక్కూమొగం తెలియని మనుషులు. పేరు పెట్టి పిలవాలని కూడా తోచక ఒక్కొక్క గుండునూ చూసుకుంటూ పోయాను.

వెనకనుంచి ఎవరో కొంగు లాగారు. పాపే.

"యాడికి పోయినావే?"

"ఈడనే ఉండా మా. నువ్వు నా మొగం చూసి, అట్లే దాటుకొని పోతివి."

చెయ్యెత్తాను. కొట్టలేక దాన్ని వాటేసుకుని అక్కడే కూలబడి ఏడ్చాను. అది నోరు మూసుకుని నవ్వుతూనే ఉంది, అచ్చం నాలాగే.

మా రోజుల్లో నేనెక్కడ దాక్కున్నా మా వీధి అత్తల్లో ఎవరో ఒకరు చెవి పట్టుకుని లాక్కొచ్చి అమ్మకు అప్పగించేవాళ్లు. గుండు కొట్టించినా గంధం పూసినా నేనెవరి బిడ్డనో వాళ్లకు తెలిసేది. ఇప్పుడు ఆ ట్రాక్టరూ లేదు, ఆ వీధివాళ్లు తలా ఒక దిక్కయ్యారు. ఈరోజు అంతమంది జనంలో మా పాప మొగం తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. ఆ నేనే గుర్తుపట్టలేకపోయాను.