చూడకుండా పెట్టిన సంతకం

తెలంగాణ రాష్ట్రం వచ్చి నాలుగేళ్లయింది. యాసంగి కోతలు ముగుస్తున్న రోజులు. నేనప్పుడు నల్లగొండ జిల్లాలో, హైవే పక్కనున్న ఒక మండలానికి తహసీల్దారుని. మండలం పేరు రాయను. ఆ రోజు రోడ్డు మీద కూర్చున్నవాళ్లు చాలామంది ఇంకా అక్కడే వ్యవసాయం చేసుకుంటున్నారు. పోలీసుల్లో కొందరు ఇంకా ఉద్యోగంలోనే ఉన్నారు.

తహసీల్దారు అనగానే జనానికి గుర్తొచ్చేవి భూముల పంచాయితీలు, పాసుపుస్తకాలు, కులం సర్టిఫికెట్లు. ఆ కుర్చీకి ఇంకో బాధ్యత కూడా ఉంది. మండలానికి మేమే ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్లం. ఎక్కడైనా జనం గుమిగూడి గొడవ అయ్యేలా ఉంటే వాళ్లను వెళ్లిపొమ్మని ఆజ్ఞాపించవచ్చు. వినకపోతే బలం వాడమని పోలీసులకు చెప్పవచ్చు. చట్టం ఈ అధికారాన్ని స్టేషన్ ఆఫీసరుకు కూడా ఇచ్చింది కానీ, మేజిస్ట్రేటు ఎదురుగా నిలబడి ఉంటే ఆ కాగితం మీద మేజిస్ట్రేటు సంతకమే ఉండాలని పోలీసులు అనుకుంటారు. పదహారేళ్ల సర్వీసులో అప్పటిదాకా నాకు ఆ అవసరం రాలేదు.

ఆ ఏడు పంట బాగా పండింది. కొనుగోలు కేంద్రం ముందు వడ్ల రాసులు రోడ్డు దాకా పాకాయి. సంచులు ఉంటే లారీలు లేవు, లారీలు వస్తే సంచులు లేవు. ఇంతలో రెండు రోజులు అకాల వాన. టార్పాలిన్లు కప్పినా కింది నుంచి నీళ్లు పారి వడ్లు నానాయి. మూడో రోజు పొద్దున పది గంటలకు రైతులు రెండు ట్రాక్టర్లు తెచ్చి హైవేకు అడ్డంగా పెట్టి రోడ్డు మీద కూర్చున్నారు.

నేను వెళ్లేసరికి నాలుగైదు వందల మంది ఉన్నారు. హైదరాబాద్ వైపు మేమున్నాం. సూర్యాపేట వైపు వాహనాలు ఎంత దూరం ఆగాయో మాకు కనిపించడం లేదు, మధ్యలో జనం. సీఐ శ్రీధర్ అప్పటికే అక్కడ ఉన్నాడు. నలభై ఏళ్ల మనిషి, గొంతు పెంచి మాట్లాడటం నేను ఎన్నడూ వినలేదు.

నేను జనంలోకి వెళ్లి కూర్చున్నాను. ఒకామె నా పక్కకు జరిగి దోసిలి చాపింది. పేరు యాదమ్మ. ఎకరంన్నర సొంతం, రెండెకరాలు కౌలు. దోసిట్లో వడ్లు తెల్లగా మొలకలెత్తి ఉన్నాయి.

"ఇరవై రోజులాయె మేడం, వడ్లు తెచ్చి పోసి. కాంటా పెడ్తలేరు. తేమ ఉన్నదంటరు. ఎండబోస్తే వానొస్తది. ఇగ వీటిని కోళ్లు గూడ తినయి."

"రెండు గంటలకల్లా లారీలు వస్తున్నయమ్మా. నేను మాట్లాడిన."

"నిన్న వచ్చిన సారు గూడ గదే చెప్పిండు" అన్నది, కోపం లేకుండా.

ఫోన్లు చేశాను. ఎనిమిది లారీలు బయల్దేరాయని పైనుంచి గట్టిగా చెప్పారు. నంబర్లు రాసుకుని, మైకులో చదివి వినిపించాను. ముందు వరసలో కొందరు లేచారు కూడా. ఇంకో అరగంట నాకు దొరికి ఉంటే రోడ్డు ఖాళీ అయ్యేదని ఇప్పటికీ అనుకుంటాను. అది నా నమ్మకమే, రుజువు లేదు.

ఆ అరగంట దొరకలేదు. ఆగిపోయిన ఒక లారీ వాళ్లకూ, రైతుల్లో కుర్రాళ్లకూ మాటామాటా పెరిగింది. తోపులాట మొదలైంది. ఎవరో రాయి విసిరారు. అది లారీకి తగలలేదు, విడదీయడానికి మధ్యలోకి వెళ్లిన నవీన్ అనే కానిస్టేబుల్ నుదుటికి తగిలింది. అతని కళ్ల మీదుగా రక్తం కారుతుంటే పక్కనున్న పోలీసుల ముఖాలు మారిపోవడం నేను చూశాను.

సరిగ్గా అప్పుడే శ్రీధర్ చేతిలో వైర్‌లెస్ మోగింది. అవతలి వైపు అంబులెన్సు ఆగిపోయిందట. అందులో పాము కరిచిన మనిషి ఉన్నాడట.

"మేడం, ఆర్డర్ ఇయ్యండి" అన్నాడు శ్రీధర్.

"ఒక్క పది నిమిషాలు ఆగండి. నేను పొలం గట్టు మీద నుంచి అవతలికి పోయి చూసి వస్త. అంబులెన్సుకు దారి ఇయ్యమని నేనే అడుగుత."

అతను నన్ను పక్కకు తీసుకెళ్లాడు. "మేడం, నా పోరగాండ్లను చూడండి. ఇంకో రాయి వచ్చిందంటే నా మాట వినరు. మీరు ఆర్డర్ ఇస్తే ఎక్కడ కొట్టాలె, ఎప్పుడు ఆపాలె అని నేను చెప్పగల్గుత. ఇయ్యకుంటే ఎవనికి తోచినట్టు వాడు కొడ్తడు. అండ్ల పాము కరిచినోడు పోతే రేపు జవాబు ఎవరు చెప్పాలె?"

ఆ మాటల్లో అబద్ధం ఒక్కటీ లేదు. ఉత్తర్వు లేకుండా పడే దెబ్బ కంటే ఉత్తర్వుతో పడే దెబ్బ తక్కువ చెడ్డదన్నది నిజమే కావచ్చు. కానీ నాకు సంతకం పెట్టించింది ఆ వాదన కాదు. పాము కరిచిన మనిషి. నా కళ్ల ముందు అతనే కనిపించాడు.

వెళ్లిపొమ్మని మైకులో మూడుసార్లు హెచ్చరించాను. ఆ గోలలో వెనకున్నవాళ్లకు వినపడిందని చెప్పలేను. కాగితం మీద సంతకం పెట్టి, టైము వేశాను. పదకొండు యాభై అయిదు.

లాఠీఛార్జి అయిదు నిమిషాలు సాగింది. మా భాషలో దాన్ని మినిమమ్ ఫోర్స్ అంటాం, అంటే పని జరగడానికి ఎంత అవసరమో అంతే బలం, నడుము కిందనే కొట్టాలి, పరుగెత్తేవాళ్లను తరిమి కొట్టకూడదు. శ్రీధర్ అరుస్తూనే ఉన్నాడు, "కాళ్ల మీద, కాళ్ల మీద" అని. చాలావరకు కాళ్ల మీదే కొట్టారు. కానీ కింద కూర్చున్న మనిషికి నడుము కింద అంటే ఎక్కడ? లేవడం ఆలస్యమైనవాళ్లు చేతులు అడ్డం పెట్టుకున్నారు.

రోడ్డు ఖాళీ అయ్యాక, డివైడర్‌కు ఆనుకుని ఒక ముసలాయన కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకుని కూర్చుని ఉన్నాడు. యాదమ్మ పక్కన నిలబడి కొంగుతో గాలి విసురుతోంది. ఆయన ఆమె భర్త లింగయ్య. నేను దగ్గరికి వెళ్లబోతే ఆమె నా వైపు చూసింది. అంతకు గంట ముందు వడ్లు చూపించిన మనిషే. నేను అక్కడే ఆగిపోయాను. జీపులో దవాఖానకు పంపించమని మా వీఆర్వోకు చెప్పి వెనక్కి తిరిగాను.

"అంబులెన్సు పోయిందా?" అని అడిగాను.

"పోయింది మేడం" అన్నారెవరో. నాకు ఊపిరి వచ్చినట్టయింది. మధ్యాహ్నం లారీలు కూడా వచ్చాయి. రెండున్నరకు.

ఇలాంటివి జరిగినప్పుడు మేజిస్ట్రేటు మూడు రోజుల్లో పై అధికారికి నివేదిక పంపాలని మాకు చెప్పారు. ఎందుకు బలం వాడాల్సి వచ్చిందో అందులో రాయాలి. నా కారణం బలమైనదే కదా, దాన్ని ఇంకా గట్టి చేద్దామని రెండో రోజు ఆ అంబులెన్సు డ్రైవర్‌ను పిలిపించాను. అతను లాగ్ షీట్ తెచ్చాడు. ఏ టైముకు ఎక్కడున్నారో వాళ్లు రాసుకునే కాగితం.

"రోగి ఎట్ల ఉన్నడు?"

"బతికిండు మేడం. సూదులు పడ్డయి, ఇయ్యాల పొద్దుగాల లేచి కూసున్నడు."

"రోడ్డు మీద మీకు ఎంతసేపు ఆలస్యమైంది?"

"ఎక్కువ గాలే మేడం. మా సైరన్ విని వాళ్లే ట్రాక్టర్ వెనకకు తీసిండ్రు. తెల్ల తువాలు కట్టుకున్న ఒక పెద్దమనిషి మా ముంగట నడుచుకుంట జనాన్ని జరుపుకుంట అవుతలికి తోలిండు. అయిదు నిమిషాలు పట్టిందేమో."

లాగ్ షీట్‌లో రాస్తారోకో దాటిన సమయం పదకొండు నలభై.

నేను సంతకం పెట్టడానికి పావుగంట ముందే అంబులెన్సు మా పక్క నుంచే వెళ్లిపోయింది. రోడ్డుకు అవతలి అంచున, తోపులాటకు ఆవల. మైకు మోతలో, అరుపుల్లో దాని సైరన్ మాకు వినపడలేదు. అవతలి చివర ఉన్న హోంగార్డు అంబులెన్సు ఆగిందని ఒకరికి చెప్పాడు, ఆ ఒకరు ఇంకొకరికి చెప్పారు. వెళ్లిపోయిందని ఎవరూ చెప్పలేదు. మోసం లేదు, కుట్ర లేదు. మాట ఆలస్యంగా వచ్చింది, అంతే. నేను నడిచి వెళ్లి చూడాల్సిన దూరం మూడు వందల గజాలు.

ఆ సాయంత్రం దవాఖానకు వెళ్లాను. లింగయ్య మణికట్టు రెండు చోట్ల విరిగింది, కట్టు వేసి ఉంది. తలపాగాగా చుట్టే తెల్ల తువాలు దిండు పక్కన మడత పెట్టి ఉంది. నాకు ఒక ఆశ పుట్టింది. ఆశ అనాలో భయం అనాలో తెలియదు.

"అంబులెన్సుకు దారి చేసింది నువ్వేనా పెద్దయ్యా?"

"నేను గాదమ్మ. నేను నీడకు ఎన్కకు పోయి కూసున్న. బండి పోయింది గూడ సూడలే."

"దారి ఇచ్చినోన్నే కొట్టించిన్నేమోనని అడిగిన" అన్నాను. ఆయన నా ముఖం చూసి, నెమ్మదిగా అడిగాడు.

"దారి ఇచ్చినోన్ని కొడితే తప్పు అంటవు. మరి నా అసోంటోన్ని కొడితే తప్పు గాదా అమ్మ? నేను గూడ ఎవర్నీ ఏమనలే గదా."

యాదమ్మ అంది, "ఊకో. మేడం వచ్చి చూసిపోతాంది, గది చాలు." అది నన్ను ఓదార్చడానికి అన్నదో, పంపించేయడానికి అన్నదో నాకు అర్థం కాలేదు. క్షమించమని అడగాలనుకుని వెళ్లాను. అడిగితే ఆ ముసలాయన తప్పక సరేనంటాడని తెలుసు. అందుకే అడగలేకపోయాను.

మగవాళ్ల వార్డు చివర్లోనే కానిస్టేబుల్ నవీన్ ఉన్నాడు. నుదుటి మీద ఏడు కుట్లు. లేవబోతే వద్దన్నాను.

"మేడం, నేను ఎవర్ని కొట్టలే. కొట్టేటప్పటికి నేను జీపుల ఉన్న. అందరు రైతుల గురించే అడుగుతున్నరు, పేపరోళ్లు గూడ. నా మాట రిపోర్టుల ఉంటదా?"

"ఉంటది" అన్నాను.

నివేదిక రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది. రాయి నిజం, నవీన్ కుట్లు నిజం, జనంలో పెరిగిన కోపం నిజం. అవన్నీ రాశాను. వైర్‌లెస్‌లో వచ్చిన మాట, అది నిజం కాదని తర్వాత తేలిన సంగతి రాశాను. చివర్లో ఒక వాక్యం: "అంబులెన్సు నిలిచి ఉన్నదో లేదో నేను స్వయంగా వెళ్లి చూడలేదు."

ఆ కాపీ చూసి శ్రీధర్ ఆఫీసుకు వచ్చాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"అబద్ధం చెప్పిన్నని అనుకుంటున్నరా మేడం?"

"లేదు. మీకు వచ్చిన మాటే మీరు చెప్పిండ్రు. అదే రాసిన."

"ఆ రాయి ఒక్కటి చాలు మేడం, మన ఆర్డర్‌కు. అంబులెన్సు ముచ్చట తీసేయండి. మనిద్దరికి మంచిది."

"రాయి కోసమే అయితే నేను సంతకం పెట్టకపోదును శ్రీధర్ గారూ. మీకు తెలుసు."

అతను తల ఊపి వెళ్లిపోయాడు. తర్వాత ఎక్కడ కనిపించినా నమస్కారం చేసేవాడు, మాట్లాడేవాడు కాదు.

పై అధికారి ఫోన్ చేసి, "ఆ చివరి వాక్యం అవసరమా?" అని అడిగారు. జరిగింది అదే సార్ అన్నాను. వారం తిరిగేలోపు నాకు సంజాయిషీ మెమో వచ్చింది, నెల తిరిగేలోపు జిల్లా కేంద్రంలో ఒక సెక్షన్‌కు బదిలీ. రైతుల మీద పెట్టిన కేసులో అత్యవసర వాహనాన్ని అడ్డుకున్నారన్న ఆరోపణ మాత్రం నిలవలేదు. రాయి విసిరింది ఎవరో తేలనే లేదు. లింగయ్య చెయ్యి వంకరగానే అతుక్కుంది. పిడికిలి బిగియదని, కొడవలి పట్టలేకపోతున్నాడని మా వీఆర్వో చెప్పాడు. ఆ తర్వాతి పంటకు వాళ్లు కౌలు భూమి వదిలేశారు.

మూడేళ్ల తర్వాత ఇంకో మండలంలో రెండు గుంపులు కొట్టుకుంటుంటే మళ్లీ లాఠీఛార్జికి సంతకం పెట్టాను. ఆ రోజు నేను వీధి ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాను. ఒక ఇంటి తలుపు పగలగొడుతుంటే, లోపల పిల్లల ఏడుపు నా చెవులతో విన్నాను. దాని గురించి నాకు ఇప్పటికీ విచారం లేదు.

రిటైరయ్యే ముందు కొత్తగా చేరిన తహసీల్దార్లకు ఈ పాఠం చెప్పమని నన్ను పిలిచేవారు. హైవే మీద జరిగినదంతా చెప్పాక, ఒకసారి ఒక అమ్మాయి లేచి అడిగింది, "అయితే సంతకం పెట్టొద్దంటారా మేడం?"

"పెట్టాల్సిన రోజు పెట్టాల్సిందే. ముందు నడిచి వెళ్లి చూడు. పెట్టిన తర్వాత ఆ పొద్దు గూకకముందే దవాఖానకు పోయి, దెబ్బ తిన్న మనిషి పక్కన నిలబడు. ఎందుకు కొట్టించినవని అతను అడిగితే, అతని ముఖం చూసి చెప్పగల మాట నీ దగ్గర ఉండాలి."

"మీరేం చెప్పారు మేడం?"

నేనేమీ చెప్పలేకపోయానని చెప్పాను.